నేను చదవని మూడు పేజీలు

మీ తరం వాళ్ళకి ప్రోగ్రాములో ఒక పేరు కనబడితే, అది ఎక్కడ పుట్టిందో చూడడానికి ఒక్క మీట చాలు. నొక్కగానే తెర మీద ఆ చోటు వచ్చి నిలబడుతుంది. మొన్న మా మనవరాలు ఆఫీసు పని చేసుకుంటూ అలా టకటకా నొక్కుతుంటే పక్కన కూర్చుని చూశాను. ముందు ఆశ్చర్యం వేసింది, తర్వాత అసూయ వేసింది, ఆ తర్వాత లేచి వరండాలోకి వెళ్ళిపోయాను. "ఏంటి తాతయ్యా?" అని అడిగింది. ఏమీ లేదన్నాను. అడిగిన పిల్లకి అప్పుడు చెప్పలేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. ఆమె వృత్తిలో ఉన్నవాళ్ళందరూ చదువుకోవచ్చు.

ఇది అరవైల చివరి సంగతి. మా కంప్యూటరు హైదరాబాదులో ఒక చల్లటి గదిలో ఉండేది. దానికి మనుషుల కంటే మర్యాద ఎక్కువ. చెప్పులు విడిచి లోపలికి వెళ్ళేవాళ్ళం. ప్రోగ్రామంటే అట్ట కార్డుల కట్ట. కార్డుకి ఒక వాక్యం. కట్టంతా యంత్రానికి తినిపించి అచ్చు వేయిస్తే మడతలు మడతలుగా కాగితం దొంతర వచ్చేది. దాన్ని లిస్టింగు అనేవాళ్ళం. అలాంటి లిస్టింగు ఒకటి, నలభై ఆరు పేజీలది, నా చంకలో పెట్టి నన్ను గుడివాడ పంపించారు. అప్పటికి నా అనుభవం ఆరు వారాల శిక్షణ, ఏడాదిన్నర ఉద్యోగం. పొగరు మాత్రం పాతికేళ్ళ సర్వీసు ఉన్నవాడికి సరిపడా ఉండేది.

పని ఇదీ. కృష్ణ తూర్పు డెల్టాలో ఒక కాలువ మీద, ఏ లాకు దగ్గర, అంటే కాలువకి అడ్డంగా కట్టిన తలుపుల దగ్గర, ఏ రోజు ఎన్ని నీళ్ళు వదలాలో ఆ ప్రోగ్రాము లెక్క కట్టి పట్టిక ఇచ్చేది. పైన గుడివాడ చేల దగ్గర మొదలుపెట్టి, కింద దివిసీమ శివారు దాకా. దాన్ని రాసినాయన మా ఆఫీసు మనిషే, నాకంటే పదేళ్ళు పెద్ద. నేను చేరేసరికి ఆయన కాలువల పని మీద బందరు వెళ్ళిపోయారు. అంచేత నేనాయన్ని చూడలేదు. ఆయనది దివిసీమ. రెండేళ్ళు ఆ పట్టిక సవ్యంగా నడిచింది. మూడో ఏడు ఆకాశరామన్న అర్జీ ఒకటి వచ్చింది. నెలకి రెండుసార్లు ఎగువ కాలువలో మట్టం పడిపోతోందనీ, ఆ నీళ్ళు లెక్క రాసినవాడు తన సొంత ఊరి వైపు మళ్ళించుకుంటున్నాడనీ దాని సారాంశం. పట్టికలు తీసి చూస్తే నెలకి రెండుసార్లు శివారుకి నీళ్ళు ఎక్కువ వెళ్తున్న మాట నిజమే. ఆయన్ని సస్పెండు చేస్తే సొంతూరికి వెళ్ళిపోయారు. ఆయన సంజాయిషీ రాసిచ్చారట గానీ, ముద్దాయి మాట ముందే చదివితే నా కళ్ళకి అదే కనబడుతుందని దాన్ని నాకు చూపించలేదు.

బందరులో మా పెద్ద ఇంజనీరు గారు నన్ను కూర్చోబెట్టి చెప్పారు.

"చూడవోయ్. ఆ ఎక్కువ నీళ్ళు ఈ కాగితాల్లో ఎక్కడ పుడుతున్నాయో కనిపెట్టు. లెక్క ప్రకారం పుడితే ఆయన ఉద్యోగం ఆయనకుంటుంది. లెక్క లేకుండా పుడితే ఇంటికి పంపిస్తారు. అటూ ఇటూ కాని మాట నాకొద్దు. అటో ఇటో తేల్చు."

"ఆయన్ని ఒకసారి అడిగి..."

"వీల్లేదు. విచారణలో ఉన్న మనిషి. నువ్వాయన్ని కలిసినట్టు తెలిస్తే నీ రిపోర్టుకి విలువుండదు."

పాత లాకు రిజిస్టర్లు గుడివాడ ఆఫీసులో ఉన్నాయి కాబట్టి, వాటితో పోల్చి చూసుకోవడానికి నా మకాం గుడివాడ. ఒక రైసుమిల్లు పక్కన మేడ మీద గది. పొద్దున లేచేసరికి మంచం మీద, లిస్టింగు మీద, నా మొహం మీద సన్నటి తవుడు పొర. భోజనం కింద హోటల్లో. హోటలాయన మొదటిరోజే ఏం పని బాబూ అని అడిగాడు. చెప్పాను. రెండోరోజు మళ్ళీ అడిగాడు. మూడోరోజు నుంచి అడగడం మానేసి, నేను రాగానే అక్కడ కూర్చున్న మనుషులకి "సర్వేవోరు" అని పరిచయం చేసేవాడు. నేను సర్వే వాణ్ణి కాదని చెప్పే ఓపిక నాకూ లేకపోయింది.

గుడివాడలో ఆ పని మీదున్న ఆరు వారాలూ నేనెంత ఒంటరిగా ఉన్నానో ఇప్పుడు తల్చుకుంటే కూడా దిగులేస్తుంది. మాది చింతలపూడి వైపు మెట్ట. చుట్టూ ఇన్ని నీళ్ళు, ఇంత పచ్చదనం నాకు అలవాటు లేదు. జనం మంచివాళ్ళే. బస్సులో జరిగి చోటిస్తారు, పలకరిస్తారు. కానీ నేను చేస్తున్న పని ఇదీ అని చెబితే అర్థమయ్యే మనిషి బెజవాడ దాకా వెతికినా ఒక్కడు లేడు. ఏదైనా అనుమానం వస్తే యంత్రం మీద వేసి చూసుకుందామంటే, కార్డులు పోస్టులో హైదరాబాదు వెళ్ళి రావాలి, పది రోజులు. అందుకని యంత్రం చేసేదంతా పెన్సిలుతో నేనే చేసేవాణ్ణి.

పద్ధతి చెబుతాను, విసుక్కోకండి. పొడుగాటి నోటు పుస్తకం ఒకటి కొన్నాను. ప్రోగ్రాములో వచ్చే ఒక్కో పేరుకి ఒక్కో పేజీ. ఎడమ వైపు ఆ పేరుకి విలువ ఎక్కడెక్కడ వస్తోందో, కుడి వైపు దాన్ని ఎక్కడెక్కడ వాడుతున్నారో. మొదటి కాగితం నుంచి వేలు పెట్టుకుని చదవడం, పేరు కనబడగానే రాసుకోవడం. ఒక పేరు అయిపోగానే మళ్ళీ మొదటి నుంచి రెండో పేరు. అంతే. ఇప్పుడు మీరు మీట నొక్కితే జరిగేది అప్పట్లో నా చూపుడు వేలు చేసేది.

అలా చదువుతుంటే రాసిన మనిషి మెల్లగా తెలియడం మొదలైంది. ఇంజనీర్లందరూ ఇంగ్లీషు పేర్లు పెట్టేవాళ్ళు. ఈయన తూము అనీ, వంతు అనీ, లాకు అనీ తెలుగు మాటలే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టించారు. వాక్యాలకిచ్చే నంబర్లు ఒకటి, రెండు అని కాకుండా పది, ఇరవై, ముప్పై అని వేశారు. మధ్యలో ఎవరైనా ఏదైనా చేర్చాల్సి వస్తే చోటుండాలని. తన తర్వాత వచ్చేవాడి గురించి ఆలోచించిన మనిషి అనుకున్నాను. భాగహారం ఉన్న ప్రతిచోటా కింద సున్నా రాకుండా ముందే చూసుకున్నారు. జాగ్రత్తపరుడు. ఇరవై మూడో పేజీలో ఒక లెక్క అయిదు వాక్యాల్లో అయిపోయేది, ఆయన పన్నెండు రాశారు. అది చదివిన రోజు ఆయనకి ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాను. గుడివాడలో నాకున్న స్నేహితుడు ఆయనొక్కరే. చూడని మనిషి, మాట్లాడని మనిషి, నేను తప్పు పట్టాల్సిన మనిషి.

నాలుగో వారంలో ముప్పై ఒకటో పేజీలో దొరికింది. శివారు తూముకి ఇవ్వాల్సిన నీళ్ళు లెక్క కట్టాక, చివరి వాక్యంలో దానికి ఇంకొకటి కలిపారు. దాని పేరు ఎక్స్‌ట్రా. అదే, ఇంగ్లీషు మాట. తెలుగు పేర్లు పెట్టే మనిషి దీనికి మాత్రం ఇంగ్లీషు పేరెందుకు పెట్టాడు? నాలో డిటెక్టివ్ నిద్ర లేచాడు. వాడు లేవకుండా ఉంటే ఎంత బాగుండేదో.

ఎక్స్‌ట్రాకి నోటు పుస్తకంలో పేజీ తెరిచాను. కుడి వైపు, వాడిన చోటు, ఒకటి రాశాను. ఎడమ వైపు, విలువ పుట్టిన చోటు, ఖాళీ. ప్రధాన ప్రోగ్రాములో ఎక్కడా దానికి విలువ ఇవ్వలేదు. కానీ మొదట్లో ఉన్న ఉమ్మడి జాబితాలో ఆ పేరుంది. ఉమ్మడి జాబితా అంటే, ప్రోగ్రాములోని భాగాలన్నీ కలిసి వాడుకునే అరల వరస. ఒక భాగం అరలో విలువ పెడితే మరో భాగం తీసుకోవచ్చు. అంటే ఎక్స్‌ట్రా వేరే ఏదో భాగంలో పుట్టి ఉండాలి. ప్రధాన ప్రోగ్రాము కాక అయిదు భాగాలున్నాయి. మొదటి నాలుగూ అక్షరం అక్షరం వెతికాను. రెండుసార్లు. లేదు.

అయిదోది చివరి మూడు పేజీలు. తల మీద సముద్రం పోటు అని ఉంది. దాని ఉమ్మడి జాబితా చూశాను. అందులో ఎక్స్‌ట్రా అన్న పేరు లేదు. పేర్లన్నీ వేరే. లోపలికి ఒక చూపు చూస్తే బందరు రేవులో పోటు ఏ రోజు ఎంత ఉంటుందో కట్టే లెక్క. కాలువల్లో పడవలు తిరుగుతాయి కదా, పడవల వాళ్ళ కోసం అయి ఉంటుంది అనుకున్నాను. సముద్రానికీ వరిచేనుకీ ఏం సంబంధం? మెట్టవాడి బుర్రకి అంతకు మించి తట్టలేదు. ఆ మూడు పేజీలూ మడిచి కింద పెట్టాను. నా నోటు పుస్తకంలో వాటి గురించి రాసుకున్నది ఒకే ఒక్క మాట, 'పడవలు'.

ఇంక మిగిలింది రిపోర్టు. మా యంత్రం దగ్గర ఒక టైపు మిషనుండేది. దాని ముందు కూర్చుని, ప్రోగ్రాములో రాయకుండానే, ఏ అరలో కావాలంటే ఆ అరలో చేత్తో అంకె పెట్టొచ్చు. విలువ ప్రోగ్రాములో పుట్టలేదు కానీ పట్టికలో కనబడుతోంది కాబట్టి, చేత్తోనే పెట్టి ఉండాలని నేను తేల్చాను. రాశాను కూడా. "ఎక్స్‌ట్రా అను పేరునకు ప్రోగ్రాములో ఎక్కడను విలువ నిర్ణయింపబడలేదు. ఇది యంత్రము వద్ద వ్యక్తిగతముగా ప్రవేశపెట్టబడినట్లు భావించవలసియున్నది." రాసి, నా భాష నాకే ముచ్చటేసింది.

గుడివాడ ఆఫీసులో టైపిస్టు గారు ఒకాయన ఉండేవారు. యాభై దాటిన మనిషి. నా పనిని జాతకాలు అనేవారు. "ఏవండీ, ఇవాళ ఏ గ్రహం ఎక్కడుందీ?" అని పలకరించేవారు. ఆ రిపోర్టు టైపు చేస్తూ చేస్తూ ఆ రెండో వాక్యం దగ్గర చేతులు ఆపేశారు.

"ఇది కొడితే ఆయన ఉద్యోగం పోతుందిగా?"

"నేనేం చేయనండీ. కాగితంలో ఉన్నదే రాశాను."

"కాగితంలో లేదని కదా మీరు రాసింది."

నేను కవరు మీద బందరు చిరునామా రాయడం మొదలుపెట్టాను.

"దివి ఎంత దూరమనీ. పొద్దున బస్సెక్కితే మధ్యాన్నానికి ఆయన గుమ్మంలో ఉంటారు. బాబూ ఇదేంటీ అని ఓ మాట అడిగేస్తే పోలా?"

"కలవకూడదండీ. ఆర్డరు."

"ఆర్డరుంటే సరే లెండి," అని కొట్టేశారు. అక్షరం తప్పు పోలేదు. శనివారం మధ్యాహ్నం రిజిస్టరు పోస్టులో బందరు పంపించాను. రశీదు జేబులో పెట్టుకుని బయటికి వస్తే, పని అయిపోయిన సంతోషం రాలేదు. రోజూ మాట్లాడుకునే మనిషి ఊరొదిలి వెళ్ళిపోయినట్టుంది. సాయంత్రం హోటల్లో ఎవరితోనూ మాట్లాడకుండా తినేసి వచ్చేశాను.

మర్నాడు ఆదివారం. గదిలో కూర్చోబుద్ధి కాలేదు. ఇన్నాళ్ళూ కాగితం మీద చదివిన లాకుల్ని ఒకసారి కంటితో చూద్దామని బస్సెక్కాను. పామర్రులో మారి, మోపిదేవి దాటి, పులిగడ్డ చేరాను. అక్కడ కృష్ణ పాయ మీదుగా కాలువని వంతెన లాగా కట్టి దివిసీమలోకి దాటిస్తారు. కింద నది, పైన కాలువ. చాలాసేపు నిలబడి చూశాను. అది దాటి కాలువ గట్టునే నడుస్తూ పోతే ఒక తూము దగ్గర చెట్టు నీడలో లస్కరు కూర్చుని ఉన్నాడు. తూము తలుపులు ఎత్తే పని వాళ్ళది. తలపాగా చుట్టుకుని చుట్ట కాలుస్తున్నాడు. ముసలాయన.

"ఎవరు బాబూ? మనది ఏవూరు?"

చెప్పాను. నీళ్ళ పట్టికలు కట్టే ఆఫీసులో పనిచేస్తానని కూడా చెప్పాను. గుడివాడలో ఆరు వారాలుగా ఎవరికీ అర్థం కాని మాట ఆయనకి చటుక్కున అర్థమైంది.

"అయితే ఈ పట్టిక రాసిన మా సన్నబాబు గారి ఆఫీసన్నమాట! ఆయన ఇక్కడే, ఈ గట్టు మీదే పది రోజులు కూర్చున్నాడండీ. నేనేం చేస్తే అది రాసుకున్నాడు. ఎందుకు చేస్తున్నావ్, ఎప్పుడు చేస్తున్నావ్, ఎన్ని జానలు ఎత్తుతున్నావ్... నా పెళ్ళాం కూడా నన్నన్ని ప్రశ్నలు అడగలేదు."

"ఏం రాసుకున్నారు?"

"అన్నీనండీ. మామూలు రోజుల్లో ఎంత, ఊడ్పులప్పుడు ఎంత, అమాసకీ పున్నానికీ ఎక్స్‌ట్రా ఎంత..."

నేను మధ్యలోనే ఆపేశాను.

"ఎక్స్‌ట్రా ఏంటి?"

"మా వాడుకండీ అది. దొరల కాలం నించీ అలాగే అంటాం. అమాసకీ పున్నానికీ సముద్రం పోటెక్కువ కదా బాబూ. ఉప్పునీళ్ళు మురుక్కాలవల్లోంచి ఎగదన్నుకొస్తాయి. మూడు రోజులు. ఆ మూడు రోజులూ మనం మంచినీళ్ళు గట్టిగా వదిలామనుకోండి, ఉప్పు లోపలికి రాదు. వదల్లేదా, శివారు నారుమళ్ళు మాడిపోతాయి. పోటు ఎంత పెద్దదైతే అంత ఎక్స్‌ట్రా. ఇదివరకు కంటి లెక్క. సన్నబాబు గారొచ్చాక కాగితం లెక్క." చుట్ట నలిపి పక్కన పెట్టాడు. "ఆయనకేదో అన్యాయం జరిగిందంటున్నారు. తమరికేవన్నా తెలుసా?"

తెలియదన్నాను. ఆ వయసులో నేను చాలా అబద్ధాలు చెప్పాను కానీ, ఆ ఒక్కటీ ఇప్పటికీ గుర్తుంది.

పని అయిపోయిందని లిస్టింగు శనివారమే గుడివాడ ఆఫీసు బీరువాలో పెట్టేశాను. ఆదివారం తాళం. సోమవారం పొద్దున తలుపు తీసేవాడి కంటే ముందే గుమ్మంలో నిలబడ్డాను. చివరి మూడు పేజీలు తీశాను. నలభై నాలుగో పేజీలో ఆ భాగం ఉమ్మడి జాబితా. పేర్లు వేరే. నిజమే. కానీ ఉమ్మడి అరల దగ్గర యంత్రం పేరు చూడదు, ఎన్నో అర అన్నదే చూస్తుంది. ఇంట్లో చిట్టి అని పిలిచే పిల్లని బళ్ళో వేరే పేరుతో పిలిచినట్టు. ఆ సంగతి నాకు శిక్షణలో మొదటి వారంలోనే చెప్పారు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ప్రధాన ప్రోగ్రాములో ఎక్స్‌ట్రా ఏడో పేరు. వేలు పెట్టి లెక్కపెట్టాను. ఇక్కడ ఏడో పేరు పోటు.

దాని కింద పదకొండు వాక్యాలు. అమావాస్య నుంచి ఎన్నో రోజు, రేవులో పోటు ఎంత, అందులోంచి శివారుకి ఎన్ని నీళ్ళు. లస్కరు చుట్ట కాలుస్తూ చెప్పినదంతా అక్కడుంది, ఏ గందరగోళమూ లేకుండా. పదులు పదులుగా నంబర్లు వేసి. నెలకి రెండుసార్లు అని అర్జీలోనే రాసి ఉంది, అయినా నాకు తట్టలేదు. ఆరు వారాలు ఆ కాగితాలు నా బల్ల మీదే ఉన్నాయి. నేను చేయాల్సిందల్లా ఇంకో మూడు పేజీలు తిప్పడం.

టైపిస్టు గారు వచ్చి నా మొహం చూసి, "ఏమైందండీ?" అన్నారు. చూపించాను. ఆయనకి ప్రోగ్రాము అర్థం కాదు కానీ నేను అర్థమయ్యాను. మిషను మీద కొత్త కాగితం ఎక్కించి, "చెప్పండి, కొడతాను" అన్నారు. జాతకాల మాట ఎత్తలేదు.

ఆ కాగితం పట్టుకుని మధ్యాహ్నం బస్సులో బందరు వెళ్ళాను. పెద్ద ఇంజనీరు గారు రెండుసార్లు చదివారు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"నీ మొదటి రిపోర్టు పొద్దున్నే వచ్చింది. పైకి పంపించేశాను. ఆయన్ని తీసేయమని రాశాను."

"తప్పు నాదండీ."

"నీదే. నాది కూడా. పోటు సంగతి నాకు తెలుసు. బందర్లో ఉంటూ తెలీకపోతే ఎలా? కానీ ఆ ప్రోగ్రాములో పోటు ఉందని నాకు తెలీదు. నీకు ప్రోగ్రాము తెలుసు, పోటు తెలీదు. ఆయన సంజాయిషీలో పోటు అని రాశాడు. సాకు చెబుతున్నాడనుకున్నాం." ఫోను దగ్గరికి లాక్కున్నారు. "శివారుకి ఎక్కువ నీళ్ళు ఆపమని పొద్దున చెప్పాను, అది ఇప్పుడే ఫోను చేసి సరిచేస్తాను. మనిషి సంగతి ఫోనులో అయ్యేది కాదు. నీ రెండో రిపోర్టు వెనకాలే పంపిస్తాను, చూద్దాం."

ఆ చూద్దాం అన్నది తేలడానికి రెండు నెలలు పట్టింది. నన్ను గుడివాడలోనే ఉంచేశారు. ఆ రెండు నెలల్లో పగలంతా వేరే ఏవో లెక్కలు చూసేవాణ్ణి కానీ, బుర్రంతా దివిసీమలోనే. పై ఆఫీసులో ఏ గుమస్తా ముందు ఏ కాగితం తీస్తాడో, మొదటిది తీసి సంతకాలు పెట్టించేసి రెండోది పక్కన పడేస్తాడేమో అని భయం. టైపిస్టు గారొక్కరే రోజూ, "ఏమైనా వచ్చిందా?" అని అడిగేవారు. రాలేదని చెప్పడం అలవాటైపోయింది.

పిల్లలూ, తర్వాత నేను ముప్పై ఏళ్ళ పైన ఈ వృత్తిలో ఉన్నాను. ఇతరులు రాసినవి చదవడమే నా పనైంది. నాకన్నా తెలివైనవాళ్ళవి, మొద్దులవి, చచ్చిపోయినవాళ్ళవి. ఏది ఎక్కడ పుట్టిందో కనిపెట్టడంలో నాకు కాస్త పేరు కూడా వచ్చింది. కానీ ఎక్కడా లేదు అని రాయాల్సి వచ్చినప్పుడల్లా కలం పక్కన పెట్టి మళ్ళీ మొదటి పేజీ తెరిచేవాణ్ణి. ఉందని చెప్పడానికి ఒక్క పేజీ చూస్తే చాలు. లేదని చెప్పడానికి అన్నీ చూడాలి. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి నేను ఇంకొకరి ఉద్యోగం పణంగా పెట్టాను. దీన్ని వినయంగా చెబుతున్నానని అనుకోకండి, సిగ్గుతో చెబుతున్నాను.

రెండు నెలలకి ఆర్డరు వచ్చింది. ఆరోపణ నిరాధారం, సస్పెన్షను రద్దు, వెంటనే పనిలో చేరవచ్చు. పోస్టులో పంపించబోతుంటే, నేను పట్టుకెళ్తానని ఇంజనీరు గారిని అడిగాను. ఆయన నన్నొకసారి ఎగాదిగా చూసి, "వెళ్ళు. ఇప్పుడు కలవొచ్చు" అన్నారు.

అవనిగడ్డలో ఇంకో బస్సు మారాలి. నాగాయలంక వైపు రోజుకి రెండే బస్సులు. రోడ్డు మీద దిగాను. అప్పటికి ఊడ్పులైపోయి చేలన్నీ పచ్చగా ఉన్నాయి. ఎదురొచ్చిన ఆవిణ్ణి అడిగితే ఇల్లు చూపించింది. చిన్న పెంకుటిల్లు. అరుగు మీద ఒకాయన కూర్చుని గొడుగు బాగుచేసుకుంటున్నారు. సన్నగా, పొడుగ్గా. నేను మనసులో ఊహించుకున్న మనిషి కొంచెం లావు.

నేనెవరో చెప్పాను. కవరిచ్చాను. చేతులు తుడుచుకుని విప్పి చదివారు. మడిచి జేబులో పెట్టుకుని, రశీదు మీద సంతకం పెట్టారు. లోపలికి తిరిగి "మజ్జిగ" అన్నారు. ఆయన భార్య రెండు గ్లాసులు తెచ్చి ఇచ్చి వెళ్ళింది.

"ఎన్నో పేజీలో దొరికింది?" అని అడిగారు.

"నలభై నాలుగండీ."

"అది పాత లెక్కండీ. బందరు రేవు వాళ్ళ కోసం ఎప్పుడో రాసింది. దాన్నే తెచ్చి, చివర శివారు లెక్క చేర్చి ఇందులో తగిలించాను. పేర్లు మార్చి మళ్ళీ కార్డులు కొట్టించాల్సింది. బద్ధకించాను. అందులో నా తప్పు కూడా ఉంది."

"మీ తప్పేం లేదండీ. నేను చదవలేదు. ఆ మూడు పేజీలూ నేను చదవలేదు. మొదటి రిపోర్టు రాసింది నేనే." వచ్చే దారంతా వల్లె వేసుకున్న మాటలింకా చాలా ఉన్నాయి. అన్నీ పోయాయి.

ఆయన తల ఊపారు. కోపం కనబడలేదు. కోప్పడితే బాగుండుననిపించింది.

"గుడివాడలో ఉన్నది మీరేనన్నమాట. మొదటి వారంలోనే తెలిసిందండీ నాకు. హైదరాబాదు నించి ఎవరో కుర్రాయన వచ్చాడూ, మేడ మీద కూర్చుని నీ ప్రోగ్రామే చదువుతున్నాడూ అని ఎవరో చెప్పారు. అప్పట్నించీ పొద్దున బస్సుకీ, మధ్యాహ్నం బస్సుకీ రోడ్డు మీదికెళ్ళి నిలబడేవాణ్ణి."

"ఎందుకండీ?" అన్నాను. ఎంత తెలివితక్కువ ప్రశ్నో.

"అంత ప్రోగ్రాము చదివేవాడికి ఎక్కడో ఓ చోట అర్థం కాదు కదండీ. వచ్చి అడుగుతారనుకున్నాను."

ఆర్డరుందండీ, అందుకే రాలేదు అని చెప్పబోయాను. గ్లాసు పట్టుకుని అలాగే కూర్చున్నాను.

"తాగండి. ఎండలో వచ్చారు," అన్నారు ఆయన.